వేళ్లు మావి, చేతులు సూరిబాబువి

లాప్‌టాప్‌కి కొత్త వెర్షన్ ఎక్కించిన మర్నాడు, గుబ్బల సూరిబాబు చేతులకున్న పది వేళ్లూ ఆఫీసులోని మిగతా పదిమంది పేర్న నమోదై ఉన్నాయని, అతనికంటూ ఒక్క వేలు కూడా మిగల్లేదని తేలింది. కాకినాడ నివాస ధ్రువీకరణ ఉపకార్యాలయంలో దీన్ని ఎవరూ వింతగా చెప్పుకోలేదు. ఊళ్లో ఉంటున్నవాళ్లు ఊళ్లోనే ఉంటున్నారని కాగితం ఇవ్వడం ఆ ఆఫీసు పని. అక్కడ కాగితం ముందు, మనిషి తర్వాత. వేళ్లు ఎవరి పేర్న ఉంటే వాళ్లవే.

తప్పంతా అలవాటులో ఉంది. ఎవరు ఎక్కడికెళ్లినా వెనకాల కూర్చుని వాళ్ల పేర్లతో పని నడిపించేది సీనియర్ అసిస్టెంటు సూరిబాబే. "మీరున్నారు కదండీ!" అని చెప్పులేసుకుని వెళ్లిపోవడం అక్కడి ఆనవాయితీ. కొత్త వెర్షన్ ఎక్కిన మధ్యాహ్నం ఆఫీసు ఆఫీసంతా సూపరింటెండెంటు విశ్వపతిగారి మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి వెళ్లింది. సూరిబాబు ఒక్కడే ఉన్నాడు. 'ఈ టచ్‌ప్యాడ్ వాడేవారందరూ తలొక వేలు ఆనించండి' అని తెర మీద అక్షరాలు వచ్చాయి. అందరి తరఫునా తనే ఆనిద్దామనుకున్నాడు, పాపం.

ముందు ఆఫీసరుగారి పేరు వచ్చింది. హోదాకి తగ్గట్టు కుడి బొటనవేలు ఆనించాడు. తర్వాత విశ్వపతిగారి పేరుకీ అదే వేలు పెడితే, 'ఈ వేలు ఇదివరకే ఒకరిది' అంది టచ్‌ప్యాడ్. దానిదేముందని చూపుడు వేలు పెట్టాడు. అకౌంట్స్ చూసే కామేశ్వరిగారికి ఉంగరం వేలు, రికార్డు రూమాయనకి ఎడమ చిటికెన వేలు, అలా పంచుకుంటూ పోయాడు. ఆఖర్న తన పేరు వచ్చేసరికి ఇవ్వడానికి వేలు లేదు. మనదే కదా, రేపు చూసుకోవచ్చులే అనుకుని టీ తాగడానికి వెళ్లాడు.

ఆ రేపు రాగానే పైనుంచి ఉత్తర్వు వచ్చింది. శనివారం సాయంత్రంలోగా ఉద్యోగులంతా తమ తమ పేర్ల దగ్గర 'ఉన్నాను' అనే బొత్తాం నొక్కాలి. నొక్కనివాళ్లు లేనట్టే లెక్క, ఆ పోస్టు ఖాళీ. సూరిబాబు పదిమంది పేర్ల దగ్గరా పదివేళ్లతో నొక్కేశాడు. తన పేరు తెరిచి ఏ వేలు పెట్టినా బాణం గుర్తు మాత్రం ఉన్నచోటు నుంచి అంగుళం కదల్లేదు.

తెలిసిన వైద్యాలన్నీ చేశాడు. లాప్‌టాప్ ఆపి మళ్లీ పెట్టాడు. మెత్తటి గుడ్డతో టచ్‌ప్యాడ్ తుడిచాడు. సెట్టింగుల్లోకి వెళ్లి దాన్ని ఆర్పి వెలిగించాడు. దాని డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తది వేశాడు. మౌస్ తగిలిస్తే, కొత్త వెర్షన్‌లో మౌస్‌ని దళారీగా పరిగణిస్తామనీ, దళారులకు ప్రవేశం లేదనీ తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. అప్పటికి సూరిబాబుకి అనుమానం మొదలైంది. యంత్రానికి ఇంత తెలివెక్కడిది? ఇది ఎవరో కూర్చోబెట్టి నేర్పించిన వ్యవహారంలా ఉంది.

జిల్లా సాంకేతిక విభాగం నుంచి నౌషాద్ అనే ఇంజినీరు వచ్చాడు. పది వేళ్లూ ఒక్కొక్కటే పట్టుకుని, రైతుబజార్లో బెండకాయలు చూసినట్టు చూసి, టచ్‌ప్యాడ్ మీద పెట్టి పరీక్షించాడు.

"టచ్‌ప్యాడ్‌కి జబ్బేం లేదండి. పది వేళ్లకీ బ్రహ్మాండంగా పలుకుతోంది."

"నాకు పలకట్లేదు కదండీ!"

"మీరు ఏ వేలు పెట్టారండి?"

"నా వేలేనండి బాబూ!"

నౌషాద్ తెర వైపు చూశాడు. మళ్లీ సూరిబాబు వైపు చూశాడు. ఈసారి కొంచెం దూరం జరిగి చూశాడు. "మీ వేలంటూ ఇందులో లేదండి. తప్పుగా అనుకోకండి, ఇంతకీ మీరెవరండి?" అన్నాడు. ఫిర్యాదు పరిష్కారమైందని రాసుకుని, సూపరింటెండెంటుగారి వేలితోనే సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు.

ఒక్క వేలు వెనక్కిస్తే చాలు, ఉద్యోగం నిలబడుతుంది. నమోదు రద్దు చేసుకుంటానని ఎవరో ఒకరు అర్జీ పెట్టాలి, అంతే. సూరిబాబు విశ్వపతిగారి గదికి వెళ్లాడు.

"చూపుడు వేలు ఇచ్చేస్తే రోజూ నేను ఆఫీసుకి రావాలి కదయ్యా," అన్నారాయన నొచ్చుకుంటూ. "ఇప్పుడు చూడు, నా వేలు పదింటికల్లా వచ్చేస్తోంది. సర్వీసులో నేనెప్పుడన్నా పదింటికి వచ్చానా?" తర్వాత ఆయన కళ్లు చిన్నవయ్యాయి. "అయినా ఇప్పుడెందుకు అడుగుతున్నావ్? నా వేలితో ఏం చేద్దామని?"

ఆ మాటతో ఆఫీసంతా అనుమానం పాకింది. సూరిబాబు తమ వేళ్లని ఇంటికి పట్టుకుపోతున్నాడని, అక్కడ ఏం చేయిస్తున్నాడో ఎవరికీ తెలియదని పదిమందికీ ఒక్కసారే గుర్తొచ్చింది. రికార్డు రూమాయన తన చిటికెన వేలికి గోరు పెరిగిందేమని నిలదీశాడు. ఆ వేలిని చెవిలో పెట్టుకోవద్దని కూడా హెచ్చరించాడు. కామేశ్వరిగారైతే టిఫిను డబ్బా దగ్గరికే వచ్చేశారు.

"అందులో ఏంటండీ?"

"చేపల పులుసండి."

"నా ఉంగరం వేలు తగిలిందా?"

"లేదండి. మీ వేలు ముడిచిపెట్టే తింటున్నానండి."

నిజానికి అతను ముడవలేదు. అదే ముడుచుకుంది. మొన్నటి నుంచీ ఇంతే. ఆఫీసు వేళ దాటితే బొటనవేలు నీటి బిందె కూడా పట్టడం లేదు. భార్య తాయారు, "ఏంటి, చేతులు పట్టేశాయా?" అంటే ఏం చెప్పాలో తోచలేదు. వేళ్లన్నీ తన మాటలు వింటున్నాయనీ, పొద్దున్నే వెళ్లి దేని యజమానికి అది వాటిని మోస్తోందనీ సూరిబాబు నమ్మకం. ఇంట్లో మాట్లాడేటప్పుడు చేతులు వెనక్కి కట్టుకోవడం మొదలుపెట్టాడు. భయం వేసింది అతనికి, తన చేతులంటే తనకే భయం వేసింది.

శనివారం మధ్యాహ్నానికి ఒక ఉపాయం తట్టింది. కాలి వేళ్లు పదీ ఎవరి పేర్నా లేవు! చెప్పు విప్పి, ఎడం కాలు బల్ల మీదికి ఎత్తబోయాడు. కామేశ్వరిగారు కెవ్వుమన్నారు.

"కంప్యూటరుకి కాలు తగిలిస్తారా? దసరాకి దానికి బొట్టుపెట్టి, కొబ్బరికాయ కొట్టాం! సరస్వతండీ అది!"

కాలు గాల్లోనే ఆగింది. ఉద్యోగం పోతుందని తెలుసు, బొత్తాం జానెడు దూరంలో ఉందని తెలుసు. అయినా సూరిబాబు ఆ కాలు ఆనించలేకపోయాడు. దించేసి, టచ్‌ప్యాడ్‌ని ముట్టుకుని కళ్లకద్దుకున్నాడు. అద్దుకున్న వేలు విశ్వపతిగారిది. తెర మీద విశ్వపతిగారి పేరు దగ్గర 'ఉన్నాను' అని మరోసారి పడింది. సాయంత్రమైంది. సూరిబాబు పేరు తెర మీది నుంచి పోయింది. శబ్దం కూడా రాలేదు.

అతను కుర్చీలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కన్నీళ్లు తుడుచుకోవడానికి చేతులెత్తి, ఎవరి అనుమతి అడగాలో తెలియక, మోచేత్తో తుడుచుకున్నాడు.

అయితే విశ్వపతిగారు మరీ అంత రాతి గుండె మనిషి కాదు. అప్పటికప్పుడు ఉత్తర్వు రాయించారు. పోస్టు ఖాళీ అయినప్పటికీ, పదిమంది సిబ్బంది వేళ్లు సదరు చేతులకు ఉన్నందున, చేతులను పనివేళల్లో కార్యాలయంలోనే ఉంచవలెను. చేతులతోపాటు వచ్చే మనిషి విషయమై కార్యాలయానికి అభ్యంతరం లేదు. చదివి అందరూ సంతోషించారు. సూరిబాబు కూడా దణ్ణం పెట్టాడు.

సోమవారం నుంచి ఎవరూ రాలేదు. రావాల్సిన పనేముంది? వేళ్లు పదింటికి వస్తున్నాయి, సంతకాలు పడుతున్నాయి, కాగితాలు కదులుతున్నాయి. హాజరులో జిల్లా మొత్తానికి ఆ ఆఫీసే ముందుందని పైనుంచి ప్రశంస కూడా వచ్చింది. ఖాళీ కుర్చీల మీద ఫ్యాన్లు తిరుగుతుండగా సూరిబాబు ఒక్కడే కూర్చుని, ఏ పనికి ఎవరి వేలో చూసుకుని నొక్కుతున్నాడు. వేళ్లు ఇప్పుడు మొరాయించడం లేదు. అతనూ వాటిని నాది అనడం మానేశాడు.

ఒకరోజు జగన్నాయకపురం నుంచి పోలమ్మ అనే ముసలామె వచ్చింది. గుమ్మంలో నిలబడి హాలంతా కలయజూసింది.

"ఎవరూ లేరేంటండీ బాబూ?"

"అందరూ ఉన్నారండి," అన్నాడు సూరిబాబు. "నేనే లేను."

పోలమ్మ ఆశ్చర్యపోలేదు. ఇలాంటివి చాలా చూసినట్టు తలూపి, కొంగు సర్దుకుని ఎదుటి బెంచీ మీద కూర్చుంది.

"మా ఇంటాయనా అంతేనండి. ఇంట్లో మంచం మీద కూకుని గంజి తాగుతున్నాడు, మీ కంప్యూటర్లో మాత్రం లేడంటండి. వేలు పెడితే ఆయన కాదంటంది. వలలు లాగీ లాగీ గీతలన్నీ అరిగిపోయాయండి. ఆయన ఉన్నాడని ఓ కాగితం ముక్క ఇప్పించండి బాబూ, మీకు పుణ్యముంటది."

సూరిబాబు ఆమె మొహంలోకి చూశాడు. ఆమె అబద్ధం చెప్పడం లేదు, అది తెలుస్తూనే ఉంది. అయినా అతని కళ్లు మెల్లగా చిన్నవయ్యాయి. కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుని అడిగాడు.

"ఆ వేళ్లు ఆయనవేనని రుజువేమన్నా ఉందాండి?"