బెంచీ మీద కూర్చున్నవారికే హాజరు

మానవజాతి ఇంతవరకు కనిపెట్టిన వాటన్నిటిలోకీ గొప్పది హాజరు పట్టీ. మనిషి వచ్చాడో లేదో దేవుడికి తెలిస్తే చాలదు, పట్టీకి కూడా తెలియాలి. ఈ సత్యాన్ని ఒక లూథరన్ చర్చి కమిటీ ఏకగ్రీవంగా ఆమోదించింది. (ఇద్దరు సభ్యులు నిద్రలో ఉన్నారు. నిద్ర అంగీకారంగా నమోదైంది.)

సంగతేమిటంటే, కొన్నాళ్లుగా సండే స్కూలు పట్టీలో ఒకే ఒక్క టిక్కు పడుతోంది. అది చర్చి కాపలాదారు మనవరాలు గువ్వది. ఎనిమిదేళ్ల పిల్ల, వానొచ్చినా వరదొచ్చినా ముందు బెంచీ వదలదు. మిగతా పిల్లలు ట్యూషన్లలో, ఈత క్లాసుల్లో, దుప్పట్లలో ఉన్నారు. కమిటీ సభ్యుల పిల్లలు కూడా దుప్పట్లలోనే ఉన్నారు గానీ, అది చర్చనీయాంశాల జాబితాలో లేదు.

"నెలాఖరులోగా పదిమందైనా కనబడకపోతే సండే స్కూలు గదిని పాత కుర్చీలు పడేసుకోడానికి ఇచ్చేయాలమ్మా. పైనుంచి ఉత్తరం వచ్చింది," అన్నారు కమిటీ సెక్రటరీగారు టీచరమ్మతో.

టీచరమ్మ ఇరవై రెండేళ్లుగా ఆ గదిలో పాఠం చెబుతోంది. గోడ మీద, ప్రళయంలో జంతువుల్ని కాపాడిన నోవహు ఓడ బొమ్మ ఆవిడ వేసిందే. (ఏనుగుకు మూడు కాళ్లే వచ్చాయి. ఏనుగు ఫిర్యాదు చేయలేదు.)

"అయ్యో, మరి ఉన్న ఒక్క పిల్లనీ ఎక్కడ కూర్చోబెట్టమంటారండీ?"

"కంగారుపడకండి. మార్గం ఉంది."

మార్గం ఇది. ఆ చర్చిలో పెళ్లి చేసుకోవాలంటే కన్ఫర్మేషన్ పత్రం, అంటే చర్చిలో పూర్తి సభ్యులైనట్టు కాగితం, ఉండాలి. పత్రం కావాలంటే సండే స్కూలు హాజరు ఉండాలి. పెళ్లీడుకొచ్చినవాళ్లలో ఒక్కరికీ అది లేదు. కనుక 'బకాయి హాజరు పథకం' వెలువడింది. చిన్నప్పుడు ఎగ్గొట్టిన ఆదివారాలన్నిటినీ నాలుగు ఆదివారాల్లో తీర్చేసుకోవచ్చు. నిబంధన ఒకటే: బెంచీ మీద కూర్చున్నవారికే హాజరు. నిలబడినవారు, గుమ్మంలో ఉన్నవారు రానట్టే లెక్క.

మరుసటి ఆదివారం ముప్పై ఒక్కమంది దిగారు. ఇద్దరు లాయర్లు, ఒక బ్యాంకు మేనేజరు, బట్టతల మొదలైన ఇంజనీరు. పిల్లల బెంచీల మీద మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నారు. చప్పట్లు కొడుతూ పాడమంటే తొడ మీద ఒంటిచేత్తో కొట్టారు, రెండో చేతిలో ఫోను ఉంది.

"బాబూ, కాస్త జరుగు, పిల్ల కూర్చుంటుంది," అని టీచరమ్మ బ్యాంకు మేనేజరును బతిమాలింది.

"జరిగితే కింద పడతానాంటీ. పడితే హాజరు పోతుంది. వచ్చే నెలే నా పెళ్లి."

గువ్వ గుమ్మంలో నిలబడింది.

"నోవహు ఓడలోకి జంతువులు ఎలా ఎక్కాయి?" అని అడిగింది టీచరమ్మ.

"అది సిలబస్‌లో ఉందాండీ?" అన్నాడో లాయరు.

"జతలు జతలుగా!" అని గుమ్మంలోంచి కేక.

ఇంజనీరు విసుగ్గా వెనక్కి తిరిగాడు. "ఏయ్ పాపా, అల్లరి చేయకు. క్లాసు జరుగుతోంది కదా!"

టీచరమ్మకు ఒళ్లు మండింది. క్లాసు అవగానే సెక్రటరీగారి దగ్గరికెళ్లి కడిగేసింది. ఆయన శాంతంగా విన్నారు.

"ఒక్క పిల్లే కదమ్మా. దానికేమన్నా పెళ్లి తొందరా?"

రెండో ఆదివారానికి గుమ్మానికి బోర్డు వచ్చింది: 'తరగతి జరుగుచున్నది. పిల్లలకు ప్రవేశము లేదు.' మేకు కొట్టింది కాపలాదారే. గువ్వ కిటికీ కిందకు మారింది. అక్కణ్నుంచే బైబిలు వాక్యాలన్నీ గడగడా అప్పజెప్పేది. (కిటికీ గురించి నిబంధనల్లో ఏమీ లేదు. అందువల్ల కిటికీ కూడా రానట్టే లెక్క.)

నెలాఖరుకు పైనుంచి మెచ్చుకోలు ఉత్తరం, ఆదర్శ సండే స్కూలు షీల్డు వచ్చాయి. గది నిలిచింది. టీచరమ్మ షీల్డును ఏనుగు కింద తగిలించి, బాగా ఏడ్చింది.

అయితే పట్టీ తనిఖీలో ఒక లోపం బయటపడింది. ముప్పై ఒక్కమందికి నూటికి నూరు శాతం. ఒకరు నాలుగు వారాలూ గైర్హాజరు. సంజాయిషీ కోరుతూ కాపలాదారుకు నోటీసు వెళ్లింది. కింద టీచరమ్మ సంతకం ఉంది. అది పెట్టకపోతే పట్టీ చెల్లదట, పట్టీ చెల్లకపోతే గది ఉండదట.

తాతకు చదువు రాదు. నోటీసును గువ్వే చదివి వినిపించింది, ఒక్క తప్పు లేకుండా. చదవడం దానికి ఆ గదిలోనే వచ్చింది.