ఉధ్నా మీద రాణి రంగు

ఆ రోజు ఉదయం సమ్మక్క చేయాల్సిన పనులు రెండే. మొదటిది, మగ్గాల కార్ఖానాలో రాత్రి పాళీ దిగి వచ్చే మొగుడు లింగమూర్తికి అన్నం వండటం. రెండోది, విమానంలో వచ్చే కొడుకు దారి తప్పకుండా డాబా మీద చీరలు పరచడం. అన్నం సంగతి సజావుగానే జరిగింది.

కొడుకు పరమేశ్ స్కాలర్‌షిప్ మీద పైలట్ చదువుతున్నాడు. ఆ రోజు వాళ్ళుండే సూరత్ మీదుగా ఎగిరి చూపించే పరీక్ష. ఇప్పటికే ఒకసారి తప్పాడు. మళ్ళీ తప్పితే స్కాలర్‌షిప్ పోతుంది. అక్కడి ఉధ్నా పేటలో తండ్రి పక్క మగ్గం వాడి కోసం ఖాళీగానే ఉంది.

ముందు రోజు ఫోన్‌లో వాడే చెప్పాడు.

"జీపీఎస్ బంద్ చేస్తడమ్మా సార్. ఎవడన్న సిగ్నల్ జామ్ చేస్తే ఏం చేస్తవ్ అంటడు."

"మరి దారి జూపే రేడియో సూది ఉందంటివి గదరా?"

"ఆ రేడియో స్టేషన్ పాతదైందని తీసేస్తున్నరు. సూది ఇగ కదలదు. దిక్సూచి, గడియారం, మ్యాపు... గంతే. కిందికి జూసి ఎక్కడున్నమో చెప్పాలె."

"కిందికి జూసుడేనా? గంతదానికి గింత భయమెందుకు? నేను గుర్తు పెడ్త తియ్."

పరమేశ్ అప్పుడే వద్దనాల్సింది. కానీ, "రాణి రంగైతే మంచిగ కనవడ్తది" అన్నాడు.

రాణి రంగంటే కళ్ళు చెదిరే ముదురు గులాబీ. లేసు కుట్టమని బట్టల సేఠ్ ఆ వారం సూరత్ శివారు వడోద్‌లోని వాళ్ళ గల్లీ మొత్తానికీ పంచిన చీరలు ఆ రంగువే. సమ్మక్క తన వాటా చీరలు డాబా నిండా పరిచి, అంచుల మీద ఇటుకలు పెడుతుండగా పక్క డాబా మీద లత ప్రత్యక్షమైంది.

"గిదేందక్కా, సేఠ్ చీరలు ఎండేస్తున్నవ్?"

గొంతు దాకా వచ్చిన నిజాన్ని సమ్మక్క మింగేసింది. కిందటిసారి పరీక్షకు ముందే గల్లీ అంతా పాలకోవా పేడాలు పంచింది. దిష్టి తగిలింది, పిల్లాడు తప్పాడు. ఈసారి మొగుడికి కూడా చెప్పలేదు.

"ఏం లేదు లతా. పైకెల్లి చూసెటోళ్లు వస్తున్నరట."

"ఏం చూస్తరు?"

"ఏమో... కనవడ్డది చూస్తరు."

ఇంతకంటే ప్రమాదకరమైన జవాబు వడోద్‌లో అంతకు ముందెవరూ ఇచ్చి ఉండరు. సమ్మక్క లాభం లేని పని చేయదని లతకు తెలుసు. క్షణంలో తన చీరలూ పరిచింది. ఆమెను చూసి ఎదురింటివాళ్ళు, వాళ్ళను చూసి గల్లీ మొత్తం. కారణం మాత్రం ఎవరికీ తెలియదు. ఆ లోటు పాన్ డబ్బా ఆగయ్య తీర్చాడు.

"విమానం సర్వే! రాణి రంగు బట్ట కనవడ్డ ఇంటికే నల్లా కనెక్షన్!"

"నీకెవరు చెప్పిండ్రే?"

"చెప్పుడేంది, కండ్లు లేవా? అందరు ఉత్తగనే పరిచిండ్రా?"

దాంతో వార్త గల్లీ దాటింది. చీరల్లేనివాళ్ళు దుపట్టాలు కట్టారు, కర్టెన్లు విప్పారు. ఒకాయన పెళ్ళి షామియానానే ఎత్తుకొచ్చాడు. సమ్మక్క డాబా అంచుకు పరిగెత్తింది.

"అయ్యో, తీయుండ్రి! మీ కాళ్లు మొక్కుత!"

"ఆహా! నల్లా నీకొక్కదానికే రావాల్నా?" అంది లత.

అంతలో లింగమూర్తి ఇల్లు చేరాడు. ముఖం వెలిగిపోతోంది.

"ఏమేవ్, నీకింకా తెల్వదా? మా కార్ఖానా రేకుల మీద గూడ పరిచొచ్చినం. ఆ పక్క ఖటోదరా దాకా అందరు పరుస్తున్నరు!"

పైన ఇంజన్ చప్పుడు వినిపించింది. సమ్మక్క కళ్ళు మూసుకుంది.

ఆకాశంలో పరీక్షాధికారి కెప్టెన్ పార్థసారథి జీపీఎస్ నొక్కి ఆపేశాడు. కోపం వస్తేనే తెలుగులోకి దిగే మనిషి ఆయన. ఆ రోజు తెలుగులోనే మొదలుపెట్టాడు.

"రేడియో సూది చచ్చింది, జీపీఎస్ చచ్చింది. ఎక్కడున్నావో చెప్పు నాయనా."

పరమేశ్ ధీమాగా కిందికి చూశాడు.

ధీమా అక్కడితో ఆఖరు. నగరం సగం రాణి రంగులో ఉంది. అన్నీ గుర్తులే. ఏది అమ్మ చీరో తెలియదు.

"ఏమయ్యా, నోట్లో నీళ్ళు పోసుకున్నావా?"

మగ్గాల చప్పుడు పరమేశ్ చెవుల్లో మొదలైంది. అంతవరకూ మడత విప్పని మ్యాపు తీశాడు. గడియారం చూశాడు. దిక్సూచి చూశాడు. ఎడమవైపు వెనకగా తపతి నది. కింద రైలు పట్టాలు. ముంబై లైను నుంచి జల్‌గావ్ లైను చీలిపోతున్న చోటు. అలా చీలేది ఒక్కచోటే.

"ఉధ్నా జంక్షన్ సార్. సరిగ్గా మన కిందనే."

కెప్టెన్ సీట్లోంచి ముందుకు వంగాడు. మెడ చాచి కిటికీలోంచి ఆత్రంగా వెతుకుతున్నాడు.

"ఖటోదరాలో రాణి రంగు రేకుల షెడ్డు ఒకటుండాలయ్యా. ఏదీ?"

"అన్నీ అవే ఉన్నయ్ సార్."

కెప్టెన్ నెమ్మదిగా వెనక్కి వాలాడు. "ఇన్నేళ్ళూ ఆ షెడ్డును చూసే అందరికీ మార్కులేశాను. నువ్వు దేన్ని చూసి చెప్పావు?"

"పట్టాలను సార్. మ్యాపుల ఉన్నయ్."

"అలాగా," అన్నాడు కెప్టెన్. పరమేశ్ చేతిలోని మ్యాపు వైపు ఒకసారి చూశాడు. "అయితే మనిద్దర్నీ ఇంటికి చేర్చు. ఇదీ పరీక్షే అనుకో."

సాయంత్రం ఫోన్ మోగింది.

"పాసైన అమ్మా!"

సమ్మక్క మంచం మీద కూలబడి ఏడ్చింది, నవ్వింది, చివరికి అసలు సంగతి అడిగింది. "మన చీర కనవడ్డదా బిడ్డా?"

పరమేశ్‌కు సగం నగరం కళ్ళ ముందు మెదిలింది.

"కనవడ్డదమ్మా. మస్తు కనవడ్డది."

ఇక దిష్టి భయం లేదు గనుక సమ్మక్క గల్లీలోకి వెళ్ళి నిజం చెప్పేసింది. ఒక్కరూ నమ్మలేదు. సేఠ్ చీరలు వాపసు తీసుకుపోతే, నల్లా వచ్చేదాకా గుర్తు ఉండాలని జనం డాబాలకే రాణి రంగు వేయించారు.

కెప్టెన్ పార్థసారథి ఈ మధ్య మ్యాపు చూడటం నేర్చుకుంటున్నాడు.