కొయ్యబాతులతో కోరం

ఒక పెద్ద అడవిలో నల్లకొలను అని ఒక కొలను ఉండేది. అడవి ఎంత పెద్దదంటే, ఓ మూల ఏదైనా జరిగితే దాని మీద విచారణ సంఘం వేసేసరికి అక్కడ జరగాల్సిందంతా జరిగిపోయేది.

ఆ కొలను తాతలనాటి నుంచీ బాతులది. కానీ ఆ ఏడు అడవి సభ ఒక కొత్త రూలు పెట్టింది. కార్తీక పౌర్ణమి నాటికి కొలనులో కనీసం వంద బాతులు తేలుతూ కనపడాలి. లేకపోతే కొలనును అడవి దున్నలకు పొర్లాడుకోవడానికి ఇచ్చేస్తారు.

ఉన్నవి ముప్పై ఒకటి. అందులో ఒకటి అధ్యక్షుడు పటాటోపం. ఆయన్ని వదిలేసి లెక్కపెట్టినా కొలనుకు పెద్ద లోటేం ఉండదని కొందరు అనేవారు, ఆయన వినకుండా.

ఒడ్డున తుంగలో తుంగమ్మ అనే బాతు ఏడు గుడ్లు పొదుగుతోంది. దున్నలు కొలనులోకి దిగితే మొదట తొక్కేది ఆ తుంగనే. పాపం, ఆమెకు కంటి మీద కునుకు లేదు.

"పౌర్ణమికి ఇరవై రోజులే ఉన్నాయండీ. నా పిల్లలు బయటికి రావాలంటే ఇరవై రెండు రోజులు పడుతుంది. ఏదో ఒకటి చెయ్యండి" అని అధ్యక్షుడి దగ్గర మొరపెట్టుకుంది.

"చేస్తున్నాం కదమ్మా! ఇవాళే మూడు తీర్మానాలు చేశాం."

"ఏమని?"

"ఏదో ఒకటి చెయ్యాలని."

తుంగమ్మకు ఒళ్లు మండిపోయింది. గుడ్ల మీద కాసేపు కూర్చోమని పొరుగు బాతును బతిమాలి, నేరుగా వడ్రంగిపిట్ట దగ్గరికి వెళ్లింది. ఆయన ఒడ్డున ఒక పాడుబడ్డ పాక పక్కన ఎండు మద్దిచెట్టులో ఉంటాడు. ఎప్పుడో మనుషులు బాతుల వేటకు వచ్చినప్పుడు కట్టుకున్న పాక అది. లోపల ఒక పెట్టె. పెట్టె నిండా కొయ్యబాతులు. బాతులు పిల్లల్ని భయపెట్టడానికి తప్ప ఆ పాక పేరెత్తేవి కావు.

"ఇవి మనుషుల మాయ అమ్మాయ్" అన్నాడు వడ్రంగిపిట్ట. "వీటిని నీళ్ల మీద వదిలి, వాళ్లు తుంగలో దాక్కునేవాళ్లు. పైనుంచి పోయే బాతులు, మనవాళ్లే ఉన్నారు గదా అని దిగేవి. దిగాక ఏమయ్యేదో నువ్వు అడక్కు, నేను చెప్పను."

"ఇప్పుడు మనుషులు రావట్లేదుగా మామా! ఉత్తరాది బాతులు రోజూ ఇటే పోతున్నాయి. వీటిని చూసి అవి దిగితే మన లెక్క నిండిపోదూ?"

వడ్రంగిపిట్ట ఆమెను ఎగాదిగా చూశాడు. "అబ్బో, గుడ్ల మీద కూర్చున్నా బుర్ర బాగానే పనిచేస్తోందే" అని పనిలోకి దిగాడు.

మొత్తం డెబ్బై కొయ్యబాతులు. కొన్నిటికి చెద పట్టింది, కొన్నిటికి ముక్కు ఊడింది, రంగు దేనికీ లేదు. వడ్రంగిపిట్ట చెదను పొడిచి పొడిచి తీసేశాడు. పగుళ్లలో తుమ్మజిగురు, చెక్కపొట్టు కలిపి కూరాడు. బొగ్గుపొడి, ఎర్రమట్టి, అడవి పసుపు నూరి తుంగమ్మ రంగులు వేసింది. నీళ్లలో వేస్తే మొదటిది తిరగబడి కాళ్లు లేని పొట్ట చూపించింది. అప్పుడు ఒక్కోదాని కడుపు కింద ఒక్కో గులకరాయి కట్టారు. ఇక అన్నీ బుద్ధిగా నిలబడి తేలాయి.

"ఇది చూడు, కనురెప్ప కూడా చెక్కాడు" అని ఒకదాన్ని చూసి వడ్రంగిపిట్ట మురిసిపోయాడు. "చెక్కినవాడికి బాతులంటే ఎంత ప్రేమో. తినడానికే అనుకో." ఆ తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు. "ఒక్క సంగతి గుర్తుంచుకో. వీటిని విడివిడిగా వదలాలి. మధ్యలో దిగడానికి చోటుండాలి. బాతులు ఒకదాన్నొకటి రాసుకుంటూ చేరాయంటే భయపడ్డాయని లెక్క. అది చూస్తే పైవాళ్లు ఛస్తే దిగరు."

సరిగ్గా అప్పుడే పటాటోపం ఊగుతూ వచ్చాడు. డెబ్బై బాతుల్ని చూశాడు. ఆయన కళ్లు మెరిశాయి.

"ఎక్కడెక్కడివాళ్లనో దింపడం ఎందుకమ్మా? వచ్చినవాళ్లకు నోళ్లుంటాయి. వీటిని చూడు, ఎంత మర్యాదగా ఉన్నాయో! ముప్పై ఒకటీ డెబ్బై, నూట ఒకటి. కోరం అయిపోయింది!"

"అవి కొయ్యవండీ!" అంది తుంగమ్మ.

"తేలాలని రాశారు రూల్లో. దేనితో చేసి ఉండాలో రాశారా?"

అంతే. అధ్యక్షుల వారి ఆజ్ఞ ప్రకారం కొయ్యబాతుల్ని ఆయన రాతిపీఠం ఎదుట ఏడు వరసల్లో, వరసకు పదేసి చొప్పున, ముందొక తాడు వెనకొక తాడు వేసి బిగించారు. అలల మీద అవి ముందుకూ వెనక్కూ ఊగి తలాడించాయి.

"తలల మేకులు ఇంకా వదులుగానే ఉన్నాయయ్యా, జిగురు పెడతాను" అన్నాడు వడ్రంగిపిట్ట. "పక్కగాలి కొడితే అటూ ఇటూ తిరుగుతాయి."

"ముట్టుకున్నావో, చూడు! తలలు ఆడుతుంటే ఎంత జీవకళగా ఉందో!"

అప్పట్నుంచి నల్లకొలనులో రోజూ సభే. అధ్యక్షుడి నడక హుందాగా ఉందని ఒక తీర్మానం. డెబ్బై తలలు ఊగాయి. అధ్యక్షుడి గొంతు మధురమని ఇంకో తీర్మానం. ఊగాయి. మొదట్లో నవ్విన బాతులు కూడా, అందరూ ఊపుతుంటే మనకెందుకులే అని ఊపడం మొదలుపెట్టాయి. ప్రాణమున్నవి ఏవో, లేనివి ఏవో దూరం నుంచి చూస్తే తెలిసేది కాదు. దగ్గర్నుంచి చూసినా కాస్త కష్టమే.

తుంగమ్మ ఆకాశంకేసి చూస్తూ ఉండేది. ఉత్తరాది గుంపులు వచ్చేవి. కొలను మీద ఒక చుట్టు తిరిగేవి. కిక్కిరిసిన ఆ వరసల్ని చూసి, ఇక్కడేదో ప్రమాదం ఉందనుకుని వెళ్లిపోయేవి. రోజూ ఇంతే. ఆమె గుడ్ల మీద కూర్చుని ఏడ్చేది.

పౌర్ణమి వచ్చింది. తనిఖీకి కొంగ వచ్చాడు. ఒంటికాలి మీద నిలబడి నింపాదిగా లెక్కపెట్టి, "నూట ఒకటి. సరిపోయింది" అన్నాడు. పటాటోపం ఛాతీ పొంగింది.

"ఇక చివరిగా ఒక్క ప్రశ్న. నియమం కాబట్టి అడుగుతున్నా. కొలను మీకే ఉండాలని కోరుతున్నారా?"

అప్పుడే గాలి మళ్లింది. ఇరవై రోజులుగా ఎదురు నుంచి వీచిన గాలి పక్కనుంచి కొట్టింది. డెబ్బై తలలు వదులు మేకుల మీద ఒక్కసారిగా అటూ ఇటూ తిరిగాయి. వద్దు, వద్దు, వద్దు.

"వద్దన్నవి డెబ్బై" అని కొంగ రాసుకున్నాడు. "మెజారిటీ నిర్ణయం. కొలను దున్నలకు."

"అయ్యో, అవి కొయ్యవండీ! వాటి మాట చెల్లదు!" అని పటాటోపం కెవ్వుమన్నాడు.

"అలాగా? అయితే ఉన్నవి ముప్పై ఒకటే. కొలను దున్నలకు."

 పటాటోపం సన్మానానికి తెప్పించుకున్న తామరమాల మెడలోనే ఉండిపోయింది.

"భోంచేసి, సాయంత్రం ఉత్తర్వు రాస్తాను" అని కొంగ కప్పల వైపు నడిచాడు. ప్రభుత్వ పనిలో ఆ భోజన విరామమే లేకపోతే ఈ లోకంలో ఎంతమంది మునిగిపోయేవాళ్లో!

తుంగమ్మ ఎవర్నీ అడగలేదు. నీళ్లలోకి దూకి, ముక్కుతో తాళ్లు లాగింది. వడ్రంగిపిట్ట ముడులు పొడిచాడు. తలూపడం మరిగిన మిగతా బాతులు కూడా ఆమె కన్నీళ్లు చూసి సిగ్గుపడి సాయం పట్టాయి. కొయ్యబాతుల్ని రెండిక్కడ, మూడక్కడ వదిలి నడుమ చోటుంచారు. పటాటోపం ఒడ్డున నిలబడి, "దీనికి తీర్మానం ఉందా?" అని అరుస్తూనే ఉన్నాడు.

పొద్దు వాలుతుండగా ఉత్తరాది గుంపు వచ్చింది. ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టు తిరిగింది.  గుంపంతా రెక్కలు ముడిచి ధబధబా దిగింది.

ఉత్తర్వు రాయడానికి తిరిగొచ్చి మళ్లీ లెక్కకు దిగిన కొంగ ఈసారి మోసపోదలచుకోలేదు. ప్రతి బాతునూ ముక్కుతో పొడిచి చూశాడు. "అబ్బా!" అన్నదాన్ని రాసుకున్నాడు, అననిదాన్ని వదిలేశాడు. నూట నలభై మూడు అబ్బాలు వచ్చాయి. కొలను బాతులకే ఉండిపోయింది. రెండు రోజులకు తుంగలో ఏడు పిల్లలు కిచకిచలాడాయి.

తర్వాత కొత్త అధ్యక్షుడి ఎన్నిక జరిగింది. "మమ్మల్ని ఇక్కడికి పిలిచిందెవరు?" అని కొత్తగా వచ్చిన బాతులు అడిగాయి. తుంగమ్మ కనురెప్ప చెక్కిన కొయ్యబాతును చూపించింది. అవి దాన్నే ఏకగ్రీవంగా ఎన్నుకున్నాయి. ఆ అధ్యక్షుడు ఇప్పటిదాకా ఒక్క ఉపన్యాసం ఇవ్వలేదు. కొలను చల్లగా ఉంది. పటాటోపం రోజూ దాని పక్కనే తేలుతూ, అది తలూపినప్పుడల్లా తన మాట నెగ్గిందని అందరికీ చెప్పుకుంటున్నాడు.

నీతి: కొయ్యబాతుల చేత ఓట్లు వేయించకండి, మరీ తప్పదనుకుంటే అధ్యక్షుణ్ణి చేసుకోండి.