మళ్లీ మొదటి నుంచి

వయొలిన్ మాస్టారి భార్య పోయిన రోజునే ఆ ఇంట్లోంచి "చాలు" అనే మాట కూడా పోయింది. పిల్లలు పాత పాటే వాయిస్తుంటే, "చాలండీ, ఇక కొత్తది చెప్పండి" అని వంటగదిలోంచి ఆవిడే కేకేసేది. మాస్టారికి తెలిసింది ఒకటే నియమం: తప్పు పడితే మళ్లీ మొదటి నుంచి. అందుకే ఆవిడ పోయాక శిష్యులు ఒక్కొక్కరే జారుకున్నారు. ఎనిమిదేళ్ల బుల్లెమ్మ ఒక్కతే మిగిలింది.

శనివారం ఉదయం బుల్లెమ్మ తల్లి గుమ్మంలోనే తేల్చేసింది. "సాయంత్రం స్కూల్లో వాయించాలి మాస్టారూ. ఇవాళ కూడా ఈ పాట గట్టెక్కకపోతే మాన్పించేస్తా."

మాస్టారు స్కూలుకి బయల్దేరేదాకా సాధన చేయించారు. చివరి వరుసలో ఒకేచోట పిల్ల వేలు జారుతూనే ఉంది.

వేదిక మీదా అక్కడే జారింది. బుల్లెమ్మ ఆగి, "తప్పొచ్చిందండీ, మళ్లీ మొదటి నుంచి" అని జనానికి చెప్పి మొదలెట్టింది. మళ్లీ జారింది. మళ్లీ మొదలెట్టింది. ముగించమన్నట్టు హెడ్మిస్ట్రెస్ చప్పట్లు కొట్టించింది. తాళం వేస్తున్నారనుకుని పిల్ల ఇంకా హుషారుగా వాయించింది. తెర దించారు. తెర వెనక పాట ఆగలేదు. ప్రసంగం కాగితంతో ముఖ్య అతిథి లేచాడు, కూర్చున్నాడు, లేచాడు. తెర మళ్లీ ఎత్తేసరికి ఆయన కాలు తాళం వేస్తోంది.

"చాలని చెప్పండి మాస్టారూ దానికి!" అని తల్లి పళ్లు నూరింది.

మాస్టారు నోరు తెరిచారు. ఆ మాట ఆయన ఎన్నడూ అన్నది కాదు. రాలేదు.

అప్పటికి పాట హాల్లో అందరికీ నోటికొచ్చేసింది. అందరూ గొంతు కలిపారు. ఈసారి చివరి వరుసలో బుల్లెమ్మ వేలు జారలేదు. హాలు మాత్రం అలవాటైన అపస్వరాన్నే నిండుగా పాడింది.

బుల్లెమ్మ వయొలిన్ దించి కళ్లెర్రజేసింది. "నాకొచ్చేసింది. మీకే రాలేదు. మళ్లీ మొదటి నుంచి!"

"నాది ఎక్కడ తప్పింది తల్లీ?" అని ముఖ్య అతిథి బెరుగ్గా అడిగాడు.

మర్నాడు పొద్దున్నే ముఖ్య అతిథి, హెడ్మిస్ట్రెస్, తెర లాగే మనిషి మాస్టారి ముందుగదిలో బుద్ధిగా కూర్చున్నారు. వాళ్ల వెనక బుల్లెమ్మ తల్లి.

"మాన్పిస్తానన్నావు కదమ్మా?" అన్నారు మాస్టారు.

"ఆ సంగతి తర్వాత చూద్దాం లెండి. ముందు నాకా చివరి వరుస పట్టుబడనివ్వండి."

రెండో పాట ఇంకా ఎవరికీ మొదలు కాలేదు.