రొయ్యల చెరువుకు కమ్యూనికేషన్ స్కిల్స్

ఉన్నదున్నట్టు చెప్పేవాడు ఈ రోజుల్లో పైకి రాడండీ. రాకూడదు కూడా!

నమ్మరా? అయితే మా అవనిగడ్డలో రొయ్యల మేత అమ్మే ధనరాజు సంగతి వినండి. రెండువేల మూడు దాకా అతనంత మోటు మనిషి దివిసీమలో లేడు. రైతెవరైనా రొయ్యను తెచ్చి చూపిస్తే, దాన్ని వెలుగుకి ఎత్తి చూసి, "తెల్లమచ్చ తెగులు వచ్చేసింది. ఇంకా నా మొహం చూస్తావేంటి? పో, వల దింపు!" అని కసిరేవాడు. రైతు పరుగెత్తి, చావగా మిగిలిన రొయ్యలు పట్టి అమ్ముకునేవాడు. ఇదీ ఒక వ్యాపారమేనా? రొయ్యలు పట్టేస్తే ఆ చెరువుకి మేత ఎవడు కొంటాడు?

మేత కంపెనీవారికి ఈ అనాగరికత నచ్చలేదు. డీలర్లందరినీ గుడివాడలో ఓ ఏసీ హాలుకు పిలిపించి కమ్యూనికేషన్ స్కిల్స్ నేర్పించారు. కస్టమర్‌తో నెగెటివ్ మాట అనకూడదట. ప్రాబ్లమ్‌ని ఛాలెంజ్ అనాలట. ఎదుటివాడు చెప్పేదంతా శ్రద్ధగా విని, అదే మళ్లీ అతనికి అప్పజెప్పాలట. ధనరాజు టై కట్టుకుని తిరిగొచ్చాడు. దివిసీమ ఉక్కపోతలో టై! అదీ డెవలప్‌మెంట్ అంటే!

ఆ వారమే హంసలదీవి నుంచి శోభనాద్రి మోపెడ్ మీద వచ్చాడు. చెరువు కౌలుకి తీసుకుని మొదటిసారి రొయ్యలు వేసిన మనిషి. ప్లాస్టిక్ కవర్లోంచి ఒక రొయ్యను తీసి బల్ల మీద పెట్టాడు.

"మచ్చల్లా కనపడతన్నాయి ధనరాజుగారూ. పట్టేయమంటారా?"

"మచ్చల్లా కనపడుతున్నాయని మీరు ఫీలవుతున్నారు," అన్నాడు ధనరాజు, అతని కళ్లలోకి చూస్తూ.

"ఫీలవటం కాదండీ, ఉన్నాయి. పట్టెయ్యాలా, వద్దా?"

"పట్టెయ్యాలా వద్దా అన్నది మీ ముందున్న ఛాలెంజ్. మీ ఆందోళన నాకర్థమైంది."

చూశారా, ఎంత సంస్కారం! కుర్చీ వేయించాడు. కూల్‌డ్రింక్ తెప్పించాడు. ఎప్పుడూ కసిరే మనిషి ఇంత నిదానంగా ఉన్నాడంటే కొంప మునిగేదేమీ లేదనుకున్నాడు శోభనాద్రి. మోపెడ్ మీద ఇంకో మేత బస్తా కూడా వేయించుకుని వెళ్లాడు.

రెండు రోజులు తిరక్కుండా చెరువులో రొయ్యలన్నీ చచ్చి గట్టుకు కొట్టుకొచ్చాయి.

శోభనాద్రి గట్టు మీద కూలబడి ఏడ్చాడు. పాపం, అతనికి స్కిల్స్ లేవుగా! అతని భార్య బుల్లెమ్మ వచ్చింది. తట్టెడు చచ్చిన రొయ్యలు తెచ్చి ధనరాజు బల్ల మీద కుమ్మరించింది.

"చెప్పొచ్చుగా! పట్టెయ్యమని ఒక్క ముక్క చెప్పొచ్చుగా! అందరికీ చెప్పేవోడివేగా!"

ధనరాజు ముక్కు మూసుకోలేదు. చిరునవ్వు చెదరనివ్వలేదు. "మీ ఫీడ్‌బ్యాక్ మాకెంతో విలువైనదమ్మా," అన్నాడు.

బుల్లెమ్మ ఖాళీ తట్ట చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. తిట్టడానికైనా ఎదురుగా మనిషంటూ ఒకడుండాలి కదా!

ఆ సీజన్లో మేత అమ్మకాల్లో ధనరాజే ఫస్టు. కంపెనీ శాలువా కప్పింది. ఇప్పుడు కొత్త డీలర్లకు అతనే క్లాసులు చెబుతున్నాడు.

శోభనాద్రి కౌలు వదిలేశాడు. మొగుడూ పెళ్లాం ఇద్దరూ పక్కవాళ్ల చెరువుల మీద కూలికి వెళ్తున్నారు. మొన్న ఉండబట్టలేక నేనే వెళ్లి, నీ తియ్యని మాటల వల్ల ఒక సంసారం రోడ్డున పడిందయ్యా అని ధనరాజు మొహం మీదే అన్నాను. ఒక్కసారైనా అడ్డు రాలేదు. కళ్లార్పకుండా, తలూపుతూ, ఆఖరి మాట దాకా కూర్చున్నాడు.

ఎంత బాగా విన్నాడండీ!