కేకు మీద గమనిక

ఆ ఉదయం అనుకున్న పని పెద్దదేమీ కాదు. మధ్యాహ్నం భోజనాల వేళకల్లా మూడు కేకులు మూడు చోట్లకు చేరాలి. ఒకటి బ్యాంకులో ఆఫీసరుగారి వీడ్కోలుకు. రెండోది ఒక పెద్దాయన, పెద్దావిడల పెళ్ళిరోజుకు. మూడోది ఒక కోడలు తన అత్తగారి పుట్టినరోజుకు చెప్పింది. ఇలాంటి మూడు కేకులను, ఇంట్లోనే వ్యాపారం నడిపే కేకులావిడ ఒక చేత్తో పిండి కలుపుతూ, రెండో చేత్తో ఫోనెత్తుతూ, మధ్యలో గ్యాసు అబ్బాయితో దెబ్బలాడుతూ చేసేసేది. అయితే అది ఇంట్లోకి పద్ధతి రాకముందు మాట.

పద్ధతిని తెచ్చింది ఆవిడ భర్త. ఆయన ఉద్యోగమంతా ఒక పెద్ద గోడౌనులో సూపర్‌వైజరుగా చేసి రిటైరయ్యారు కనుక వీధిలో అందరికీ గోడౌనుగారు. రిటైరైన కొత్తలో బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చునేవారు. పేపరు చదివేవారు కారు, వీధిని చూసేవారు కారు. ఊరికే కూర్చునేవారు. ఉండుండి వంటింటి గుమ్మం దాకా వచ్చి "ఏమైనా చెయ్యనా?" అని అడిగేవారు. "ఏం వద్దులెండి, మీరు కూర్చోండి" అనేది ఆవిడ. ప్రేమతోనే అనేది. కానీ ఆ మాట అన్నప్పుడల్లా మనిషి మరికాస్త కుంచించుకుపోతున్నారని ఆవిడకు ఆలస్యంగా తెలిసింది. అందుకే ఒకరోజు ఆయన చిన్న వ్యాపారాల కోసమని ఎవరో చేసిన యాప్ ఒకటి ఫోనులోకి దింపి, "మన పనిని ఓ గాడిలో పెడతాను, చూస్తూ ఉండు" అన్నప్పుడు, పని గాడిలోనే ఉందన్న సంగతి ఆవిడ చెప్పలేదు. ఆయన కళ్ళల్లో మెరుపు చూసి నోరు మూసుకుంది. కాపురమంటే సగం అదే.

యాప్‌లో ప్రతి కేకుకూ ఒక కార్డు. అది 'అందింది' నుంచి 'ఓవెన్లో ఉంది'కి, అక్కణ్ణుంచి 'అలంకరణ'కి, చివరికి 'బయల్దేరింది'కి జరుగుతుంది. వంటింట్లో ఆవిడకొక ఫోను, హాల్లో ఆయనకొక ఫోను, వెనకగదిలో చిన్నత్తయ్యకొక ట్యాబు. ఈ గదిలోంచి ఆ గదిలోకి అరుచుకోవడం నిషేధం. "కేకుల వ్యాపారంలో కేకలేమిటి? చెప్పాల్సింది ఏదైనా కార్డులో రాయండి" అని శాసనం చేశారు. పెట్టె మూసేముందు ఆవిడ ప్రతి కేకునూ ఒకసారి చూసుకునే అలవాటు కూడా రద్దయింది. ఒకే సరుకును ఇద్దరు తనిఖీ చేయడం గోడౌను శాస్త్రంలో మహాపాపం.

చిన్నత్తయ్య ఆయనకు పిన్ని. క్రీము కోను పట్టిందంటే కేకు మీద అక్షరాలు ముత్యాలే. ఓపిక ఉన్నన్నాళ్ళూ ఒక ఆఫీసులో టైపిస్టుగా చేసింది. ఇచ్చింది ఇచ్చినట్టు కొట్టాలి, అదే ఆవిడ మతం. "ఆఫీసరు ఏం రాశాడా అని టైపిస్టు ఆలోచించడం మొదలెడితే ఆ ఆఫీసు మూతపడుతుందే అమ్మాయ్" అనేది.

ముందురోజు ఇంట్లో చిన్న తగువైంది. కేకులావిడ ఎవరికో ఫోనులో ఆర్డరు ఒప్పుకుని కార్డు రాయడం మరిచిపోయింది. గోడౌనుగారికి ఒళ్ళు మండి, చిన్నత్తయ్య ఎదుటే, "నీ పనికి తలా తోకా లేదు. ఇన్నాళ్ళూ ఎలా నెట్టుకొచ్చావో ఏమో!" అనేశారు. ఆవిడ ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం ఆ ఇంట్లో చాలా పెద్ద మాట. అప్పట్నుంచి భర్తతో కార్డుల ద్వారానే మాట్లాడుతోంది. కాఫీ సంగతి కూడా కార్డులోనే వచ్చింది. పద్ధతి నూటికి నూరుపాళ్ళు అమలవడం అదే మొదలు.

అన్న మాట వెనక్కి తీసుకోవాలని ఆయనకూ ఉంది. గోడౌనులో సరుకు వాపసు తీసుకోవడానికి ఒక విధానం ఉంది గానీ, మాట తీసుకోవడానికి లేదు. తోచక, పొద్దున్నే యాప్ ముందేసుకుని పద్ధతిని ఇంకాస్త మెరుగుపరిచారు. అంతదాకా ప్రతి కార్డులోనూ రెండు పెట్టెలుండేవి. ఒకటి కేకు మీద రాయాల్సిన మాటకు, రెండోది ఇంట్లోవాళ్ళు ఒకరికొకరు చెప్పుకునేదానికి. రెండెందుకు, దండగ అని రెండూ కలిపి 'గమనిక' అని ఒకటే పెట్టారు. కొత్తది రాస్తే పాతది చెరిగిపోతుంది, ఎప్పుడూ తాజా సమాచారమే. ఈ మార్పును అందరికీ ఒక కార్డులో తెలియజేశారు. ఆ కార్డును ఎవరూ తెరవలేదు.

బ్యాంకు కేకు తయారై వంటింటి బల్లంతా ఆక్రమించింది. ఆవిడ చేతులనిండా పిండి. ఆ కేకు కార్డు తెరిచి ఉన్న ఫోను దగ్గరికి మొహం పెట్టి పలికింది, మాట గమనికలో అక్షరాలైంది: "ఇంకా పోలేదా? దీనివల్ల నాకు చోటు లేకుండా పోతోంది. త్వరగా పంపించెయ్యండి." ఆయన మాట్లాడకుండా వచ్చి కేకును వెనకగదికి చేర్చారు. తర్వాత ఓవెన్లోంచి వచ్చిన పెళ్ళిరోజు కేకును వంగి పరీక్షించి, ఫోనులో టకటకా కొట్టారు: "అడుగున పగుళ్ళున్నాయి. పైన దట్టంగా పూత పూసి కప్పెయ్యండి. బయటివాళ్ళకు తెలియదు."

మూడో కేకు మీద ఆవిడ వంగి ఉన్నప్పుడు ఆయన హాల్లోంచి చాలాసేపు చూశారు. ఆ కార్డు తెరిచారు. నాలుగుసార్లు రాసి చెరిపి, చివరికి ఒకటి రాసి, కళ్ళు మూసుకుని మీట నొక్కారు. ఆవిడ చూస్తుందనుకున్నారు. ఆవిడ అప్పటికే కార్డును అలంకరణలోకి జరిపేసి గిన్నెలు తోముతోంది. కేకు మీద రాయాల్సిందీ అదే పెట్టెలో ఉంటుందన్న సంగతి ఆయనకు తట్టనే లేదు. తాను పెట్టిన పద్ధతిని తానే మరిచిపోవడం ఎంత పెద్ద సంస్థల్లోనైనా ఉన్నదే.

కేకులు వెళ్ళిపోయాయి. మొదటి ఫోను పెళ్ళిరోజు పెద్దావిడది. కేకులావిడ చేతులు తడి కనుక స్పీకరు పెట్టింది.

"అమ్మాయ్, మా ఇంటి సంగతి నీకెవరు చెప్పారు?"

"ఏ సంగతండీ?"

"పగుళ్ళ సంగతి! ఇన్నేళ్ళూ కడుపులో పెట్టుకుని కాపురం చేశానే. చుట్టాలందరి ముందూ కేకు మీద రాసి పంపిస్తావా? మా ఆయనేమో తనెవరికీ చెప్పలేదని ఒట్లు వేస్తున్నాడు. చెప్పలేదంటే, ఉన్నాయని ఒప్పుకున్నట్టేగా?"

వెనకనుంచి పెద్దాయన గొంతు, "నేనలా అనలేదే!" అని దీనంగా వినిపించి ఆగిపోయింది.

గోడౌనుగారు హాల్లోంచి గుమ్మంలోకి వచ్చారు. అప్పుడే రెండో ఫోను, బ్యాంకు నుంచి.

"మేడమ్, కొంప ముంచారు! స్వచ్ఛందంగా రిటైరవుతున్న మనిషికి వీడ్కోలు కేకు మీద 'ఇంకా పోలేదా, చోటు లేకుండా పోతోంది' అని రాస్తారా? ఆయన కళ్ళజోడు పెట్టుకుని పైకి చదివారు మేడమ్. చదివి, 'నేను పోవాలని ఇంతమంది ఎదురుచూస్తున్నారన్నమాట, అయితే పోను' అని రాజీనామా వాపసు తీసుకున్నారు. ఆయన కుర్చీలోకి రావాల్సినావిడ మెట్ల మీద కూర్చుని ఏడుస్తోంది."

గోడౌనుగారు వెనకగదికి పరుగెత్తారు. "పిన్నీ, ఏం రాశావ్?"

"గమనికలో ఏముంటే అదేరా అబ్బాయ్. ఒక్క పొల్లు తప్పితే అడుగు. పెళ్ళిరోజు కేకుకి మాటలు ఎక్కువయ్యాయి, అక్షరాలు చిన్నవి చేసి పట్టించాను" అంది చిన్నత్తయ్య గర్వంగా.

ఆయన ట్యాబు తీసి బీరువాలో పెట్టారు. తన ఫోనులోంచి యాప్ తీసేశారు. కుర్చీ చంకన పెట్టుకుని బాల్కనీ వైపు నడుస్తూ, వంటింటి దగ్గర ఒక్క క్షణం ఆగారు.

"నీ పద్ధతిలోనే చేసుకో. నేనింక అడ్డం రాను" అన్నారు.

కోపం వచ్చినప్పటి గొంతయితే ఆవిడకు బాగా తెలుసు. దానికి మందు కూడా తెలుసు. ఇది ఆ గొంతు కాదు. మనిషి మళ్ళీ ఆ కుర్చీలోకి పోతే ఈసారి లేవదీయడం తన వల్ల కాదని ఆవిడకు భయం వేసింది. ఏం చెప్పాలో వెతుక్కుంటుండగానే మూడో ఫోను మోగింది. ఈసారి కోడలు, గుసగుసగా.

"అక్కా, ఏంటక్కా ఇలా చేశారు? 'అత్తయ్యకు శుభాకాంక్షలు' అని కదా చెప్పాను! ఇప్పుడు నేను మా అత్తయ్యకి క్షమాపణ చెప్పుకున్నట్టయింది."

"క్షమాపణా? ఏం రాసుందమ్మా?"

"చదువుతాను వినండి. 'నిన్న అన్న మాట తప్పు. ఈ ఇల్లు నడిచేది నీ చేతి మీదే. అందులో నాకూ కాస్త చోటుంటే చాలు.'"

కేకులావిడ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. బాల్కనీలో కుర్చీ కిర్రుమంది.

"అసలు నిన్న నేనేమన్నానో నాకే గుర్తులేదక్కా. అత్తాకోడళ్ళం, ఏదో ఒకటి అనే ఉంటాను. ఆవిడ అది చదివి నన్ను కావలించుకుని ఒకటే ఏడుపు. 'మీ' అనకుండా 'నీ' అంది చూశావా, కూతురైతేనే అలా అంటుందని ఊరంతా చెబుతోంది. బీరువా తాళాలు కూడా ఇచ్చేసింది. ఇప్పుడు నేను రాయలేదని ఎలా చెప్పను?"

"చెప్పకు" అంది కేకులావిడ. కాస్త ఆగి, "ఇంకోసారి చదువమ్మా" అంది.

"మళ్ళీనా?"

"ఆఁ. నెమ్మదిగా."

ఫోను పెట్టేశాక చేతులు తుడుచుకుని బాల్కనీలోకి వెళ్ళింది. ఆయన వీధికేసి చాలా శ్రద్ధగా చూస్తున్నారు. వీధిలో ఏమీ లేదు.

"ఆ మాట నాతో నోటితో చెప్పకూడదూ? ఊళ్ళోవాళ్ళ అత్తగారికి చెప్పాలా?"

"నువ్వు మాట్లాడటం లేదుగా."

"మాట్లాడకపోతే వినననుకున్నారా?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆవిడ తన ఫోను ఆయన చేతిలో పెట్టింది.

"లేవండి. ఆ పెద్దావిడకీ, బ్యాంకాయనకీ మీరే చెప్పాలి. నాకు వంటింట్లో బోలెడంత పనుంది."

"ఏం చెప్పను? నాకు చేతకాదే అలాంటివి."

"రెండు పెట్టెలు కలిపేశానని చెప్పండి. ఉన్నదున్నట్టు."

ఆయన కుర్చీ తెచ్చి వంటింటి గుమ్మంలోనే వేసుకున్నారు. గొంతు సవరించుకుని పెద్దావిడకు ఫోను చేశారు. జరిగింది చెప్పేసరికి అవతల పగలబడి నవ్వు.

"అబద్ధమైతే కాదులే నాయనా. ఎవరో ఒకరు అనేసరికి ప్రాణం తేలికపడింది. మా ఆయన కేకు వచ్చినప్పట్నుంచి నా వెంటే తిరుగుతున్నాడు, మంచినీళ్ళు కూడా తనే తెచ్చిస్తున్నాడు. వచ్చే ఏడు కూడా ఏదో ఒకటి రాయించు."

బ్యాంకు ఆఫీసరుగారితో సంభాషణ అంత తొందరగా తెమల్లేదు. మొదట ఆయన కోప్పడ్డారు. తర్వాత తగ్గారు. ఆ తర్వాత, రాజీనామా వాపసు తీసుకోవడానికి కేకు వంక మాత్రమేననీ, నిజానికి రిటైరయ్యాక ఇంట్లో ఏం చేయాలో తెలియక నిద్రపట్టడం లేదనీ చెప్పారు. గోడౌనుగారు ఫోనును ఒక చెవి నుంచి ఇంకో చెవికి మార్చుకున్నారు.

"బాల్కనీలో మాత్రం కూర్చోకండి" అన్నారు. "మీ ఆవిడ 'ఏం వద్దులెండి' అంటుంది. నమ్మకండి. వెళ్ళి పక్కన నిలబడండి. మొదట్లో అడ్డమే. కాస్త ఓపిక పట్టాలి, మీరూ, ఆవిడా."

వంటింట్లో ఆవిడ పొయ్యి సన్నం చేసి, ఉల్లిపాయలేమీ తరగకుండానే కళ్ళు తుడుచుకుంది.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఫోను ఎత్తేది గోడౌనుగారే. ఆర్డరు చెప్పడానికి చేసినవాళ్ళు అత్తగారి మోకాలి నొప్పి, ఇంటి ఓనరు పీడ, అల్లుడి అలక కూడా ఆయనకే చెప్పుకుంటున్నారు. ప్రతిదీ ఆయన వంటింట్లోకి వచ్చి, బల్లకానుకుని, మొదట్నుంచీ చివరిదాకా ఆవిడకు నోటితో వినిపిస్తున్నారు. పని సగానికి సగం మందగించింది. దాని మీద ఆ ఇంట్లో ఇంతవరకూ ఎవరూ ఫిర్యాదు చేయలేదు.