గెలవకూడని ఆట

శనివారం పొద్దున గుమాస్తా పెట్టుకున్న పని ఒక్కటే. పదింటికి గోల్ఫ్ ఆడి మేనేజరు చేతిలో ఓడిపోవాలి. గోడౌన్‌లో సగంమందిని తీసేస్తారన్న మాట నెలరోజులుగా నలుగుతోంది. అతనిది ఇరవై రెండేళ్ళ సర్వీసు. అలాంటి రోజుల్లో మేనేజరు తనంతట తానే వచ్చి, "శనివారం ఓ గంట ఆడుకుందాం రండి" అంటే ఎవరికి నిద్ర పడుతుంది?

"నీకు కర్ర పట్టుకోవడమే రాదు. ఇక ఓడిపోవడానికి కష్టమేముంది బావా?" అన్నాడు బావమరిది.

"నువ్వు నోరు ముయ్యరా!" అని భార్య తమ్ముణ్ణి కసిరింది. "మరీ చేతకానివాడిలా ఓడితే ఉద్యోగమూ చేతకాదనుకుంటారు. ఏమండీ, కాస్త పోరాడినట్టు కనిపించి ఓడండి."

గుమాస్తా దేవుడి ముందు నిలబడ్డాడు. ఇన్నేళ్ళలో ఓటమి ఇమ్మని ఎన్నడూ అడగలేదు. అలా అడగవచ్చో లేదో కూడా తెలియలేదు. దణ్ణం మాత్రం పెట్టుకుని బయలుదేరాడు.

మేనేజరు రమ్మన్న చోటు కిటికీలు లేని గది. ఎదురుగా గోడంత తెర. దానిమీద పచ్చిక, చెట్లు, చెరువు.

"గట్టిగానే కొట్టండి, తెర చిరగదు," అంది అక్కడ పనిచేసే అమ్మాయి. "బంతి వేగం, వాలు కెమెరాలు పట్టుకుంటాయి. బంతి తెరకు తగిలి ఇక్కడే పడుతుంది, మిగతా దూరం బొమ్మలో వెళ్తుంది. తక్కువ దెబ్బల్లో గుంటలో వేసినవాళ్ళు గెలిచినట్టు. ముందు ఈ యంత్రంలో మీ పేర్లు కొట్టండి."

గుమాస్తా గౌరవం కొద్దీ మేనేజరు పేరు పైన కొట్టి, చివర 'గారు' చేర్చి, తన పేరు కింద కొట్టాడు. యంత్రం ఆ వరుసలోనే వంతులు లెక్కిస్తుందని ఇద్దరికీ తోచలేదు. మేనేజరు కర్ర చేతికిస్తూ, "వయసులో పెద్దవారు, ముందు మీరే" అన్నాడు.

గుమాస్తా మొదటి బంతిని తిన్నగా చెరువులోకి పంపాడు. మనసు కుదుటపడింది. మేనేజరు చక్కగా కొట్టాడు. మూడు గుంటలయ్యాక తెరమీద పట్టిక వచ్చింది. గుమాస్తా పేరుకెదురుగా పదకొండు, మేనేజరు పేరుకెదురుగా ఇరవై ఆరు.

"సార్, ఇదేదో పొరపాటు!"

"బాగానే ఆడుతున్నారుగా, కానివ్వండి," అన్నాడు మేనేజరు, పట్టిక వైపు సరిగా చూడకుండానే.

చాలినంత చెడగొట్టలేదనుకుని గుమాస్తా ఒకటి చెట్లలోకి, ఒకటి ఇసుకలోకి కొట్టాడు. అతను ఎంత చెడగొడితే పట్టికలో మేనేజరు గారు అంత దిగజారారు. చివరికి కళ్ళు మూసుకుని కొట్టిన బంతి పక్కగోడకు కొట్టుకుని మేనేజరు మోకాలికి తగిలింది. ఆ దెబ్బను యంత్రం లెక్కలోకి తీసుకోలేదు. ఆట ముగియగానే చప్పట్ల మోతతో గుమాస్తానే విజేతగా ప్రకటించింది.

"క్షమించండి సార్! ఓడిపోదామనే వచ్చాను. ఇంటిల్లిపాదీ నా ఉద్యోగం మీదే..."

చప్పుడు విని వచ్చిన అమ్మాయి పట్టిక చూసి నాలుక కరుచుకుంది. "అయ్యో, ఒకరి వంతులో ఒకరు ఆడేశారండీ. నిజానికి గెలిచింది ఈయనే," అంది మేనేజరును చూపిస్తూ.

గుమాస్తాకు ప్రాణం లేచివచ్చింది. "చూశారా సార్, మీరే గెలిచారు!"

మేనేజరు మోకాలు రుద్దుకుంటూ జేబులోంచి కవరు తీశాడు. "తీసేసినవాళ్ళలో మీరూ ఉన్నారండీ. కాగితం గురువారమే వచ్చింది. ఆఫీసులో ఇవ్వడానికి చేతులు రాలేదు. ఒక్క గంట సంతోషంగా ఆడించి ఇద్దామనుకున్నాను. మీరు గెలిచారనగానే కాస్త ధైర్యం కూడా వచ్చింది."

గుమాస్తా కవరు విప్పలేదు. జేబులో పెట్టుకుని, "మోకాలు బాగా నొప్పిగా ఉందా సార్?" అని అడిగాడు.

"ఉందండీ."

బుక్ చేసుకున్న గంటలో ఇంకా పన్నెండు నిమిషాలు మిగిలి ఉండడంతో, ఇద్దరూ మళ్ళీ కర్రలు అందుకున్నారు.